ఎన్నడును లేని పాత కారు

ప్రియ చదువరీ, నీ యింటి గూటిలో పెట్టుకొన్న బొమ్మను చూపి, "ఇది దేని పోలిక?" అని యెవరైన అడిగినయెడల నీవు వెంటనే జవాబు చెప్పగలవు. అది మట్టి ఎద్దయినను, కొయ్య చిలుకయైనను, లోకములో ఎద్దులున్నవి, చిలుకలున్నవి. అయితే ఎన్నడును లేనిదానికి పోలిక చేసి, దానిని పాతకాలపుదని చెప్పుట తగునా? అది అబద్ధమగునా, కాదా? ఈ ప్రశ్న నేను పుట్టించినది కాదు. క్రిందటి కోతల తరువాత మా సంఘపెద్ద యొకాయన ఒక అట్టపెట్టెను చంకలో పెట్టుకొని, సాయంకాలపు ప్రార్థనకు చాల ముందుగానే నా యింటికి వచ్చి, దానిని నా బల్లమీద ఉంచి, కూర్చుండుటకైనను ఒప్పుకొనక నన్నడిగిన ప్రశ్న యిది. ఆయన సెలవు పుచ్చుకొనియే దీనిని వ్రాయుచున్నాను. పేర్లు మాత్రము వ్రాయను.

పెట్టెలో జానెడు పొడవుగల మోటారు కారు ఉండెను. ముదురు నీలిరంగు. ముందరి మూత పొడవైనది. చక్రములమీది మడ్‌గార్డులు కెరటములవలె లేచి పడుచున్నవి. వెనుక భాగము నీటిబొట్టు తోకవలె సన్నగిల్లినది. చక్రములకు నాలుగు ప్రక్కల తళతళలాడు సన్నని తీగెలు. నేనెన్నడును అట్టి బండిని చూడలేదు గాని, చూచిన వెంటనే "ఇది తాతల నాటిది" అనిపించెను. దానితోకూడ ఒక కాగితపు ముక్క ఉండెను. ఆయన కుమారుడు అమెరికా దేశపు మిషిగన్ రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు వ్రాసినది యింతే: నాన్నా, ఈ కారు లోకములో ఎన్నడును లేదు. అడుగు భాగము నిజమైన బండిది. పై భాగము నా ఊహ. 1934లో ఎవరైన చేసియుండినయెడల ఇట్లుండెడిదని చేసితిని.

"అయ్యగారూ, లేదని తానే వ్రాసినాడు. లేనిదానికి 1934 అని సంవత్సరమెందుకు? నలువది యేండ్లు దగ్గర పడుచున్నవాడు బొమ్మ చేసుకొనుటయే ఒక తప్పు, అబద్ధపు బొమ్మ చేయుట రెండవ తప్పు. దీనిని యింట ఉంచవచ్చునా, కూడదా? అది చెప్పండి చాలును" అనెను.

ఆయన కోపము బొమ్మమీదిది కాదని నాకు తెలియును. ఏడాదిన్నరగా తండ్రికిని కుమారునికిని సరియైన మాట లేదు. కుమారుడు ఫోను చేసినప్పుడెల్ల తండ్రి, "మా కాలములో ఇట్లు లేదు, మా కాలములో ఆదివారమన్నచో ఆదివారమే, మా కాలములో తల్లిదండ్రులమాట జవదాటలేదు" అనుచుండెను. కుమారుడు మొదట విని, తరువాత ఊరకుండి, చివరకు ఫోను చేయుటయే తగ్గించెను. ఇట్లుండగా ఈ పెట్టె వచ్చినది. అందుచేత నేను తొందరపడి జవాబు చెప్పక, ఆ రాత్రి కుమారునితో ఫోనులో మాటలాడి, ఈ పని యేమిటో, ఎట్లు చేయుదురో తెలిసికొంటిని. ఆ వివరము నీకును చెప్పెదను, చదువరీ. ఒక పని ఎట్లు జరుగునో తెలియక దానిని మంచిదనుట గాని చెడ్డదనుట గాని న్యాయము కాదు.

మన విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు షెడ్లను నీవు చూచియుందువు. కంపెనీనుండి వచ్చునది ఇంజను, చక్రములు, వాటిని మోయు ఇనుప చట్రము మాత్రమే. చాసీ అని డ్రైవర్లందురు. మీది బాడీని వడ్రంగులును వెల్డింగు పనివారును యజమాని చెప్పినట్లు కట్టుదురు. నూరేండ్ల క్రిందట అమెరికాలోను ఐరోపాలోను గొప్పవారి కార్లును ఇట్లే తయారగుచుండెను. ఇండియానాపొలిస్ నగరమున డ్యూసెన్‌బర్గ్ అను కంపెనీ ఉండెను. 1928లో వారు "మోడల్ జె" అను బండిని వెలువరించిరి. 265 గుఱ్ఱముల బలము గలదని వారు చెప్పుకొనిరి. ఉత్త చాసీ వెలయే 8,500 డాలర్లు. దానిని కొన్నవాడు బాడీ కట్టు వేరొక శాలకు తీసికొనిపోయి, తనకు నచ్చిన బాడీని తొడిగించుకొనెను. కాబట్టి ఒకే చాసీమీద అనేక రూపములు పుట్టినవి. ఆ కంపెనీ 1937లో మూతపడెను. అంతవరకు చేసిన మోడల్ జె బండ్లు ఐదు వందలకు లోపే.

ఇప్పుడు మన సంఘపెద్ద కుమారుడు చేసినదేమనగా, ఆ మోడల్ జె చాసీకి ఇరువది నాలుగవ వంతు కొలతతో దొరకు ప్లాస్టిక్ నమూనాను కొని, దానిమీద ఏ శాలయు ఎన్నడును కట్టని బాడీని తానే ఊహించి కట్టెను. అట్టి ఊహాబండ్లను చేయువారు అమెరికాలోను ఇంగ్లండులోను చాలమంది యున్నారట. కొందరు ఒక్కటి చేసికొని తృప్తిపడుదురు. కొందరు రెసిన్‌తో పోత పోసి, ఒకే బాడీని పదిమందికి పంచుదురు, అమ్ముదురు.

రెసిన్ అనగా చెట్టునుండి కారు గుగ్గిలము కాదు. రసాయనముతో చేసిన ద్రవము. మొదట మూల నమూనా ఒకటి కావలెను. దానిని కొంత కొయ్యతో, కొంత పాత ప్లాస్టిక్ ముక్కలతో, కొంత లప్పముతో చేసి, వారముల తరబడి ఉప్పు కాగితముతో రుద్దవలెను. దానిని చిన్న పెట్టెలో నిలిపి చుట్టును సిలికోన్ రబ్బరు పోయుదురు. ఒక దినము గడచిన తరువాత ఆ రబ్బరు మెత్తగా గట్టిపడి అచ్చగును. ఇటుక అచ్చును నీవెరుగుదువు. అది కొయ్యది, ఒక్క పలక రూపమునే యిచ్చును. ఈ రబ్బరు అచ్చు అట్టిది కాదు. మూల నమూనామీద వెండ్రుకంత గీత యున్నను, బొటనవ్రేలి ముద్ర యున్నను దానిని పట్టుకొనును. తరువాత రెండు సీసాలలోని ద్రవములను సరిసమానముగా కలిపి అచ్చులో పోయుదురు. అగ్ని లేకయే కొన్ని నిమిషములలో అది తనంతట తాను వేడెక్కి, పాలమీగడ రంగు తిరిగి, గట్టిపడును. గాలిబుడగ నిలిచినయెడల బాడీమీద గుంట పడును. అందుకే ఒత్తిడి గల పాత్రలో పెట్టుదురు. అచ్చు విప్పి, అంచుల వెంబడి మిగిలిన పలుచని పొరలను కత్తితో తీసివేయుదురు. రుద్దునప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ముక్కునకు గుడ్డ కట్టుకొందురు. కొన్ని పదుల పోతలైన తరువాత రబ్బరు చిరిగి అచ్చు చెడిపోవును.

"నా మొదటి పోతలో డోరుమీద నా వ్రేలిముద్ర పడినది, అయ్యగారూ. మూలముమీద చూచుకొనలేదు. ఆరు బాడీలు పోసితిని, ఆరింటిమీదను అదే ముద్ర" అని అతడు నాతో చెప్పెను. ఆ మాట నా మనస్సులో నిలిచిపోయెను.

అతనికి ఈ పని నేర్పినవాడు అతని పొరుగింటి వృద్ధుడట. ఆయన తన బాల్యములో ఒక పోటీకి కొయ్యకారు చెక్కి పంపినవాడు. అది కల్పన కాదు. ఆ పోటీ చరిత్రలో ఉన్నది. జనరల్ మోటార్స్ వారికి బాడీలు కట్టు ఫిషర్ బాడీ సంస్థ 1930లో బాలురకొరకు ఒక పోటీని స్థాపించెను. అది 1968 వరకు జరిగెను. మొదట నెపోలియను చక్రవర్తి రథమును చిన్న కొలతతో చేయవలసి యుండెను. తరువాత ప్రతి బాలుడు తన సొంత ఊహతో లోకములో లేని కారును పండ్రెండవ వంతు కొలతతో చేయవలెను. గెలిచినవారికి కాలేజీ చదువునకు ధనసహాయము. ఆ కొయ్య బండ్లలో ఒక్కటియైనను రోడ్డెక్కుటకు చేసినది కాదు. అయినను వాటిని చెక్కిన పిల్లలలో కొందరు పెద్దవారై కార్ల రూపములు గీయు ఉద్యోగములలో చేరిరి. ఇంకొక విచిత్రము. ఆ సంస్థకు గురుతుగా ఉండిన నెపోలియను రథము కూడ ఉన్నదున్నట్లుగా ఏ రథమునకును నకలు కాదట. 1804లో పట్టాభిషేకపు రథమునుండి కొంత, 1810లో వివాహపు రథమునుండి కొంత తీసికొని కూర్చిన రూపమది. కాబట్టి ఆ పిల్లలు మొదట చేసిన పాత రథమును ఒక విధముగా ఎన్నడును లేని రథమే.

ఇంతవరకు విని, సంఘపెద్ద ప్రశ్నకు జవాబు వెదకుదము.

పోలిక చేయుటయే తప్పని కొందరందురు. మోకరించుటకు చేసిన పోలికను దేవుడు నిషేధించెను గాని, ప్రత్యక్షపు గుడారమునకు దానిమ్మలను, బాదము పువ్వులను చేయించినది ఆయనయే. బెసలేలుకు ఆ నేర్పును ఇచ్చినదియు ఆయనయే. కారు బొమ్మయెదుట ఎవడును మోకరించుట లేదు. (కార్లయెదుట మోకరించువారున్నారు, అది వేరు సంగతి.) కాబట్టి దీనిమీద ఆగనక్కరలేదు.

లేనిదానిని చెప్పుట అబద్ధమందుమా? మరునాడు సంఘపెద్ద వచ్చినప్పుడు నేనాయనను, "అన్నగారూ, మీకు మిక్కిలి ఇష్టమైన ఉపమానమేది?" అని యడిగితిని. ఆయన ఆలోచింపకయే, "తప్పిపోయిన కుమారుని ఉపమానము" అనెను. "ఆ తండ్రిది ఏ ఊరు? ఆయన పేరేమి? క్రొవ్విన దూడను వధించినది ఏ సంవత్సరములో?" అని యడిగితిని. ఆయన నన్ను వింతగా చూచెను. మన ప్రభువు చెప్పిన ఆ తండ్రి ఏ ఊరి పన్ను చిట్టాలోను లేడు. గాయపడినవానిని సత్రమునకు చేర్చిన సమరయుని ఊరును మనకు తెలియదు. అయినను ప్రభువు అబద్ధమాడెనని ఎవడును అనలేదు, ఆయన శత్రువులు సహితము అనలేదు. ఏలయనగా ఆయన దానిని ఉపమానముగానే చెప్పెను, విన్నవారు ఉపమానముగానే వినిరి. జరిగినదానిని జరిగినట్లు, ఊహను ఊహగా చెప్పినచోట సాక్ష్యము చెడదు.

దీనికి కార్ల చరిత్రలోనే ఒక సాదృశ్యమున్నది. షికాగో నగరమున ప్రెస్టన్ టక్కర్ అను ఆయన 1948లో క్రొత్త విధమైన కార్లను తయారు చేయించెను. బండ్లు తయారు కాకముందే వాటిపేర ధనము తీసికొని జనులను మోసగించెనని ఆయనమీద కేసు నడిచెను. 1950 జనవరిలో నిర్దోషియని తీర్పాయెను గాని అంతకుముందే ఫ్యాక్టరీ మూతపడెను. మొత్తము 51 బండ్లు మాత్రమే వెలువడినవి, అన్నియు కప్పు గలవి. ఈ శతాబ్దములో కప్పు తెరచుకొను టక్కరు బండి యొకటి జనుల యెదుటికి వచ్చెను. అది ఫ్యాక్టరీలోనే రహస్యముగా ఆరంభింపబడినదని కొందరు, ఎవరో తరువాత కోసి కట్టినదని కొందరు ఈనాటికిని వాదించుకొనుచున్నారు. ఇప్పుడు చూడుము: అదే రూపమును ఒకడు జానెడు రెసిన్‌తో చేసి "ఇది నా ఊహ" అని వ్రాసినయెడల ఎవనితోను తగవు లేదు, ఎవడును నష్టపోడు. రూపమొక్కటే. తేడా అంతయు దానితోకూడ ఉన్న కాగితపు ముక్కలో ఉన్నది.

ఇట్లు చెప్పి నేను సంఘపెద్దతో, "మీ అబ్బాయి కాగితము వ్రాసి పెట్టెను గనుక అతడు అబద్ధమాడలేదు" అంటిని. ఆయన ఒప్పుకొనెను గాని, మనస్సు తీరలేదు. "సరే, అబద్ధము కాదు. మరి వ్యర్థము కాదా? ఎన్నడును లేనిది ఎవనికి పనికివచ్చును?" అనెను.

వ్యర్థమని నేననలేను. దావీదు మందిరము కట్టవలెనని కోరెను; దేవుడు కట్టనియ్యలేదు; అయినను ఆ తలంపు అతని హృదయములో నుండుట మంచిదేయని ఆయన చెప్పెను. దావీదు దాని నమూనాను సొలొమోను చేతికి అప్పగించెను. యెహెజ్కేలు చెరలో ఉండి ఒక మందిరమును దర్శనములో చూచి, గుమ్మముల వెడల్పు మొదలు మెట్ల లెక్కవరకు వ్రాసి పెట్టెను. తిరిగి వచ్చినవారు కట్టిన మందిరము ఆ కొలతలది కాదు. అందుచేత ఆ అధ్యాయములను చింపివేయుదుమా? తండ్రి మనస్సులో మూడు గదుల యిల్లుండి, ఒక్క గదియే కట్టగలిగినయెడల, తక్కిన రెండు గదులును ఆయన ప్రేమలోనివే. మిషిగన్ రాష్ట్రములోనే, డియర్‌బర్న్ అను ఊరిలో హెన్రీ ఫోర్డు మ్యూజియమున్నది. అందులో న్యూక్లియన్ అను కారు నమూనా యొకటి యున్నది. 1957, 58 సంవత్సరములలో ఫోర్డు కంపెనీవారు అణుశక్తితో నడచు కారును ఊహించి, ఎనిమిదింట మూడు వంతుల కొలతతో నమూనా మాత్రము చేసిరి. నిజమైన బండి ఎన్నడును పుట్టలేదు, పుట్టకపోవుటయే మేలు. అయినను దానిని పారవేయక దాచిరి. ఒక కాలపువారు దేనిని ఆశించిరో, దేనికి భయపడలేదో అది చూపును.

ఇక్కడికి నా బోధ ముగించియుందును. సంఘపెద్దను సమాధానపరచి పంపితిననుకొని, ఆ బొమ్మ వైపు మరియొకసారి చూచితిని. చూచినకొలది నాకు ఆనందముతోకూడ ఒక అనుమానము కలిగెను. ఆ నీలిరంగు కారు "ఆ దినములెంత గొప్పవి" అని చెప్పుచున్నట్లుండెను. అయితే 1934 అమెరికాలో ఎట్టి సంవత్సరము? 1933లో అచ్చట పనివారిలో నలుగురికి ఒకడు చొప్పున పని లేక యుండెను. రొట్టెకొరకు వీధులలో వరుసలు కట్టి నిలిచిరి. ఆ సంవత్సరములలోనే మధ్య రాష్ట్రముల పొలములు దుమ్మై ఎగిరిపోయెను. ఆ వరుసలలోనివారిని ఎవడును పోత పోయడు. పాతకాలమనగానే మన చేతికి వచ్చునది నున్నగా రుద్దిన బాడీ. దానిలో గుంటలు లేవు, త్రుప్పు లేదు, మనుష్యులును లేరు.

అప్పుడు నాకు నా పాపము జ్ఞాపకము వచ్చెను.

రెండు సంవత్సరముల క్రిందట మా సంఘపు నూరేండ్ల పండుగలో ప్రసంగము చేసినవాడను నేనే. "దొరల కాలపు సంఘమును చూడుడి" అంటిని. ఆ దినములలో గంట మ్రోగినంతనే ఊరంతయు గుడికి పరుగెత్తెడిదంటిని. కానుకల పళ్లెము పొర్లిపోయెడిదంటిని. తగాదాలు లేవంటిని. మా తాతగారి పేరెత్తి, ఆయన కోడి కూయకముందే మోకాళ్లమీద ఉండెడివాడని, ఆయన నోట కఠినమైన మాట ఎవరును వినలేదని చెప్పితిని. పెద్దలు కన్నీళ్లు తుడుచుకొనిరి. వెనుక బల్లలమీది యువకులు తలలు వంచుకొనిరి. వారిని సిగ్గుపరచుటకే నేనట్లు చెప్పితిని. అది కొంతవరకు ఫలించెను కూడ: మరుసటి ఆదివారము వారిలో సగముమంది రాలేదు.

పండుగ తరువాత ఆరు నెలలకు గుడి కప్పు మరమ్మతు చేయుచుండగా పాత భోషాణమునుండి సంఘపు మినిట్సు పుస్తకములు వెలువడినవి. అంచులు చెదలు తిన్నవి గాని అక్షరములు నిలిచియున్నవి. నేను వాటిని సంతోషముతో విప్పితిని. 1936లో వరికోతల నెలలో ఒక ఆదివారము ఆరాధనకు వచ్చినవారు పదునొకండుగురు. అదే సంవత్సరము కానుక అణాలలో ఉన్నది. దానిలో ఒక చెల్లని నాణెమని ప్రక్కన వ్రాసియున్నది. ఉపదేశికి ఇయ్యవలసిన గింజలు మూడు నెలలుగా ఇయ్యలేదని ఫిర్యాదు. బావివద్ద జగడమాడిన యిద్దరు స్త్రీలను పెద్దలు పిలిపించిరి, ఒకతె రాలేదు. ఇంకను త్రిప్పగా 1938లో మా తాతగారి పేరు కనబడెను. గట్టు తగవులో పొరుగువానిని ముల్లుగఱ్ఱతో కొట్టినందుకు ఆరు నెలలు ప్రభువు బల్లకు రాకూడదని తీర్మానము. ఆ ఆరు నెలలు తీరిన తరువాత, అదే గట్టు, అదే పొరుగువాడు, మరల ఆరు నెలలు.

నేను ఆ పుస్తకమును మూసి చాలసేపు కూర్చుంటిని. ఇదియే పుస్తకములో, ఆయన బల్లకు దూరముగా ఉన్న ఆ నెలలలోనే, మరియొక వ్రాత యున్నది: ఊరిలో కలరా వచ్చినప్పుడు శవములను మోయుటకు వచ్చినవారు ముగ్గురే, వారిలో మా తాతగారొకరు. మోసిన శవములలో ఆ పొరుగువాని తల్లిది ఒకటి. నేను నూరేండ్ల పండుగలో పోత పోసిన తాతగారిలో ఇది లేదు. ఆ తాతకు గట్టు లేదు, ముల్లుగఱ్ఱ లేదు, కాబట్టి ఆయనకు క్షమాపణ అక్కర లేకపోయెను. క్షమాపణ అక్కరలేనివానిని నేను యువకులకు మాదిరిగా చూపితిని! వారు అతనిని అనుసరింపలేకపోయినందుకు వారిమీద కోపపడితిని.

ఇశ్రాయేలీయులు అరణ్యములో ఐగుప్తును తలంచుకొని యేడ్చినప్పుడు వారి నోట వచ్చినవేవి? చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి. ఇటుకల లెక్క రాలేదు. కొరడా రాలేదు. నైలు నదిలో పారవేయబడిన పసిబిడ్డలు రాలేదు. వారు అబద్ధమాడుచున్నామని ఎరుగరు. నిజముగా చేపలు తినియేయుందురు. వారి చాసీ నిజమైనదే, చదువరీ. దానిమీద వారు తొడిగిన బాడీ మాత్రము ఐగుప్తులో ఎన్నడును లేదు. ఆ లేని ఐగుప్తుకొరకు ఉన్న మోషేను రాళ్లు రువ్వజూచిరి.

ఎజ్రా కాలమున క్రొత్త మందిరపు పునాది వేసినప్పుడు పాత మందిరమును కన్నులార చూచిన ముసలివారు బిగ్గరగా ఏడ్చిరి. వారిని నేను తప్పుపట్టను. వారు చూచినది నిజముగా గొప్పది. అయితే ఆ పాత మందిరములోనే మనష్షే విగ్రహమును నిలిపెను. గోడలమీద హేయమైన రూపములుండెనని యెహెజ్కేలు వ్రాసెను. అందుకే గదా అది కాలిపోయినది. ఆ ముసలివారు ఏడ్చినప్పుడు ప్రక్కన కేకలు వేయుచున్న పిల్లలకు ఆ సంగతి ఎవరైన చెప్పిరో లేదో! పాతదాని మహిమను మాత్రము చెప్పి, అది ఏల పడిపోయెనో చెప్పకుండుట క్రొత్తది కట్టువారికి మేలు చేయదు.

మిషిగన్‌లోని యువకునికిని నాకును ఉన్న తేడా ఇదియే. అతడు ఎన్నడును లేని బండిని చేసి, ఎన్నడును లేదని వ్రాసి పెట్టెను. నేను ఎన్నడును లేని సంఘమును చేసి, పులపీఠమెక్కి, ఇది ఈ ఊరిలోనే నడచెనని చెప్పితిని. నా వ్రేలిముద్ర దానిమీద ఉండెను, నేను చూచుకొనలేదు. విన్న పిల్లలందరిమీదను అది పడెను.

ఇదంతయు నేను సంఘపెద్దకు చెప్పితిని. ఆయనను గద్దించుటకు కాదు, నాకు చెప్పుకొనవలెననిపించెను. మినిట్సు పుస్తకమును కూడ చూపితిని. ఆయన మా తాతగారి పేరును వ్రేలితో తడిమి, ఏమియు అనలేదు. కారును చేతిలోనికి తీసికొని, తలక్రిందులుగా త్రిప్పి, అడుగు భాగమును చాలసేపు చూచెను. ఆయన చూపు పనివాని చూపువలె ఉండెను. "ఇరుసు సరిగానే పెట్టినాడు. సైలెన్సరు గొట్టము కూడ పెట్టినాడు, ఎవరికిని కనబడదని తెలిసియు" అనెను. లారీల సంగతి మీకెట్లు తెలియునని నేనడిగితిని.

అప్పుడాయన చెప్పెను. పదునేడేండ్ల వయస్సున తండ్రితో మాటపట్టింపు వచ్చి, రాత్రివేళ రోడ్డుమీద ఆగిన లారీ ఎక్కి వెళ్లిపోయెనట. రెండు సంవత్సరములు క్లీనరుగా తిరిగెనట. ఆదివారము ఏదో, శనివారము ఏదో ఎరుగడు. తల్లికి ఒక్క కార్డుముక్కయైనను వ్రాయలేదు. తిరిగి వచ్చునప్పటికి ఆమె కన్నుల జబ్బుతో చూపు పోగొట్టుకొనియుండెను. ఆయన గొంతు విని పోల్చుకొనెను. "ఇది మావానికి తెలియదు. వానికే కాదు, మా యింట ఎవరికిని తెలియదు. 'మా కాలములో తల్లిదండ్రులమాట జవదాటలేదు' అని చెప్పుచు వచ్చితిని. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించినది" అనెను.

ఆ మాట చెప్పిన తరువాత ఆయన కూర్చుండెను. రెండు దినములలో నా యింట ఆయన కూర్చుండుట అదే మొదటిసారి.

ఫోనులో చెప్పుటకు నోరు రాదనెను. ఉత్తరము వ్రాయుటకు నా బల్లయే తీసికొనెను. నేను బయటికి వచ్చి, ప్రార్థనకు గంట కొట్టుటకు వెళ్లితిని. తిరిగి వచ్చునప్పటికి నాలుగు ప్రక్కలు నిండియున్నవి. నన్ను చదువుమనలేదు, నేనును అడుగలేదు. కవరు అంటించుచు, "లారీ నంబరు కూడ వ్రాసినాను, అయ్యగారూ. ఇంకను జ్ఞాపకమున్నది" అని మాత్రము చెప్పెను.

నేను ఈ వ్యాసమును వ్రాయు నాటికి దానికి జవాబు రాలేదు. ఉత్తరములు దూరదేశమునకు చేరుటకు దినములు పట్టును. చేరిన తరువాత జవాబు వ్రాయుటకు ఇంకను ఎక్కువ పట్టవచ్చును. కారు ఆయన యింటి గూటిలో, గడియారము ప్రక్కన ఉన్నది. దాని క్రింద కుమారుడు పంపిన కాగితపు ముక్క ఉన్నది. ఎవరైన వచ్చి "ఇదేమి బండి, పెద్దయ్యా?" అని యడిగినప్పుడు ఆయన ఆ ముక్కను తీసి వారి చేతికిచ్చుచున్నాడు. వచ్చు నెల మొదటి ఆదివారము నేను మినిట్సు పుస్తకమును గుడికి తీసికొనిపోయి 1938వ సంవత్సరపు పుటను సంఘమునకు చదివి వినిపింపవలెనని ఉన్నాను. వెనుక బల్లలవారికి కబురు పంపితిని.